రుమాలు కాపలా

ఇదొక మహా సంగ్రామ గాథ అని చెప్పాలనే ఉంది. నిజానికి ఇది బెజవాడ బస్టాండులో ఒక సీటు సంగతి.

తొంభైల్లో ఓ రోజు మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ కోసం, కొండపల్లి బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేశాను. ఆమెను ఎక్కించేసరికి అంత జనంలోనూ సీటు ఖాళీగానే ఉంది. పక్కనే ఒక విదేశీయుడు నిలబడి ఉన్నాడు. ఏ దేశమండీ అని ఇంగ్లీషులో అడిగాను.

"చిన్న దేశం. ఎవరి యుద్ధంలోనూ చేరం. అయినా నేను ఏటా సైన్యంలో శిక్షణకు వెళ్తాను."

"యుద్ధమే చేయనప్పుడు సైన్యమెందుకండీ?"

"నీ రుమాలు ఎవరినైనా కొట్టిందా? అయినా ఎవరూ కూర్చోలేదు కదా."

"ఏమంటున్నాడ్రా?" అంది అమ్మమ్మ.

"నీ సీటుకి సైన్యం ఉందంటున్నాడు."

"కాస్త జరగమను, గాలి రావట్లేదు."

ఇప్పటికీ సీటు మీద రుమాలు కనిపిస్తే ఆ మనిషే గుర్తొస్తాడు. ఆ రోజు మాత్రం కండక్టరు వచ్చి, బండి డిపోకి పోతుందని అందరినీ దింపేశాడు.