మంగళవారం దాకా నిజం

మీరు ఒక్కసారైనా మా దయామణత్తను కలిసి తీరాలి. అర్ధవీడు వైపు మా ఊళ్ళో ఆమెకు ముప్పై మేకలున్నాయి. వాటి చెవుల్లో దూరి నెత్తురు తాగే పిడుదుల్ని చేత్తోనే పీకి రాయి మీద నలిపేస్తుంది. ఎవరి మేక ఎవరి కందిచేలో పడిందో తేలకపోతే ఆమెనే అడుగుతారు. తన మేకే అయినా తనదేనని చెప్పేస్తుంది. దయామణి చెప్పిందంటే ఇక పంచాయితీ లేదు.

పోయిన వానాకాలం ఆమె నడుము మీద ఎర్రగా గుండ్రటి మచ్చ లేచింది. తామర అనుకుని మందుల షాపులో ట్యూబు కొని పూసింది. మచ్చ పోయి తలనొప్పి మొదలైంది. కళ్ళ వెనక ఎవరో కట్టెలు కొడుతున్నట్టు ఉండేదట. చర్చిలో అందరూ ప్రార్థన చేశారు. ఆ శనివారం నొప్పి తగ్గింది. ఆదివారం అత్త మైకు పట్టుకుని, ప్రభువు తన తలనొప్పి పూర్తిగా తీసేశాడని సాక్ష్యం చెప్పింది. చప్పట్లు మోగిపోయాయి.

మంగళవారం నొప్పి తిరిగొచ్చింది.

అందరిముందు చెప్పిన మాటాయె. పైగా శ్యాంసన్ పాస్టరుగారు దాన్ని బేస్తవారిపేట సభల్లో కూడా చెప్పేశారు. అక్కణ్ణుంచి తలనొప్పుల వాళ్ళు ఆటోల్లో వచ్చి, అత్త చెయ్యి తమ నెత్తిన పెట్టించుకునేవాళ్ళు. ఆమె తలకు తువ్వాలు బిగించి, ఎండకు కట్టానని చెప్పి, పళ్ళు బిగబట్టి ప్రార్థన చేసేది. వాళ్ళు తగ్గిందని పోయేవాళ్ళు. వాళ్ళది పోతుంది, నాది పోదు, ఇదేం చెయ్యి అని మేకలతో మొత్తుకునేదట.

ఇంతలో మోకాలు వాచింది. పాస్టరుగారి భార్య రేచలమ్మ తోడుండి మార్కాపురంలో డాక్టరు షాయిస్తా దగ్గరికి తీసుకెళ్ళింది. తలనొప్పి ఉందా అని డాక్టరు అడిగితే రేచలమ్మే జవాబు చెప్పింది.

"లేదు మేడం, ప్రభువు తీసేసినాడు."

అత్త అవునని తలూపింది. ఊపితే ఇంకా నొప్పి. మోకాలికి మాత్రలు తీసుకుని వచ్చారు. రెండుసార్లు ఇదే తంతు. మూడోసారికి అత్త మూతి ఒక పక్కకు జారిపోయింది. ఇక భయపడి, మంచినీళ్ళు కావాలని రేచలమ్మను బయటికి పంపి, డాక్టరు వైపు వంగింది.

"ఉంది మేడం. ఐదు నెల్ల నుంచి సచ్చిపోతా ఉన్నా. పాస్టరమ్మకు మాత్రం చెప్పొద్దు."

డాక్టరు పిడుదుల గురించి, మచ్చ గురించి గుచ్చి గుచ్చి అడిగి, రక్తం బెంగళూరు పంపించింది. పిడుదు కుడితే వచ్చే లైమ్ అనే జబ్బట. మన వైపు చాలా అరుదు, తలనొప్పి సంగతి మొదటే చెప్పుంటే అప్పుడే అనుమానం వచ్చేది కదా అని చీవాట్లు పెట్టింది. నెల రోజుల మందులకు మూతి చక్కబడింది. తలనొప్పి పోయింది. వరసగా నాలుగు మంగళవారాలు గడిచినా మళ్ళీ రాలేదు.

మూతి బాగైనందుకు సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరుగారు. మూతి గురించి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుందామనే అత్త లేచింది. తలనొప్పి మాట ఎత్తితే ఊళ్ళో తన మాటకున్న విలువ పోతుంది. అంతలో మూడో వరసలో మేకలు కాసే అంకన్న కనిపించాడు. చర్చి లోపల, ఫ్యాను కింద, తలకు తువ్వాలు బిగించి, పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. ఆ కట్టు అత్తకు బాగా తెలుసు.

"పోయినసారి నేను చెప్పిన సాక్ష్యం మంగళవారం దాకానే నిజం," అంది మైకులో. "ఆ తర్వాత ఐదు నెల్లు అబద్ధమాడినా. అంకన్నా, అది ఎండ కాదు. రేపు మార్కాపురం పోదాం పా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. చివరికి రేచలమ్మ ఒక్కతే చిన్నగా ఆమేన్ అంది. అంకన్న మెల్లగా తువ్వాలు విప్పాడు.

మీరైతే ఏం చేసేవాళ్ళు? ఆ మొదటి మంగళవారమే పాస్టరుగారి ఇంటికెళ్ళి, నొప్పి తిరిగొచ్చిందని చెప్పేవాళ్ళా?