తోరణం కట్టిన లైట్లు

నూజివీడులో కొత్తగా కట్టిన ఆడిటోరియంలో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా నేను చేరింది ఒక ఫిబ్రవరిలో, తోటలు పిందె కడుతున్న రోజుల్లో. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లుంది. మామిడి రైతులూ వ్యాపారులూ ట్రస్టు పెట్టి కట్టించుకున్న హాలు అది. మే నెలలో ప్రారంభోత్సవం. ఈలోగా స్టేజీ లైట్లు ఎంపిక చేసి, బిగించి, అప్పగించడం నా పని. నా కింద ఉన్నది ఒకే ఒక్క మనిషి, లైటింగ్ ఆపరేటర్ ప్రభుదాసు.

ప్రభుదాసుది మైలవరం. క్రిస్మస్ నాటకాలకూ, పద్యనాటకాలకూ, కాలేజీ వార్షికోత్సవాలకూ పాతికేళ్లుగా లైట్లు వేస్తున్నవాడు. ఎక్కడా స్థిరమైన ఉద్యోగం లేదు. ప్రారంభోత్సవం సజావుగా జరిగితే పర్మనెంటు చేస్తామని ట్రస్టు ప్రెసిడెంటుగారు నా ఎదుటే మాటిచ్చారు. ఆ రోజు నుంచి అతను హాలుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని రావడం మొదలుపెట్టాడు.

మామూలు లైటు బిగించిన వైపే చూస్తుంది. మూవింగ్ హెడ్ అనే రకం లైటుకి మెడ ఉంటుంది. లోపలి మోటార్లు దాన్ని పక్కలకూ, పైకీ కిందికీ తిప్పుతాయి. హాలు వెనక కూర్చున్న ఆపరేటర్ ఎటు తిరగాలో, ఏ రంగు వేయాలో కన్సోల్ మీద నుంచి చెబుతాడు. వీటిలో సన్నటి కిరణం కొట్టే బీమ్ లైట్లంటే ప్రెసిడెంటుగారికి మోజు. ఏదో బహిరంగ సభలో ఆకాశంలోకి కొడుతుంటే చూశారట. మా స్టేజీ ఎత్తు తక్కువ, అంత దగ్గర నుంచి బీమ్ మొహాన పడితే మనిషి కళ్లు తెరవలేడు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ప్రభుదాసు కూడా ఎదురు చెప్పలేదు. ఆయన్నే స్టేజీ మీద నిలబెట్టి, నమూనాకు తెచ్చిన బీమ్ ఒకటి వేసి చూపించాడు. "వద్దులేవయ్యా, నీ ఇష్టం" అంటూ ఆయన కళ్లు నులుముకుని దిగిపోయారు.

వాటి బదులు మూవింగ్ హెడ్‌లలోనే గుండ్రటి వెలుతురు వేసే స్పాట్ లైట్లు ఎంచేటప్పుడు అతను వెలుతురు కంటే ముందు మోత చూశాడు. లోపలి వేడి పోవడానికి వీటిలో ఫ్యాన్లుంటాయి. వచ్చిన ప్రతి నమూనానూ ఖాళీ హాల్లో వెలిగించి, రెండో వరసలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. "పద్యం ఎత్తుకునే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబడతారు సార్. అప్పుడు పైన ఫ్యాను గుర్రుమంటే పాపం ఆ నటుడి గతేంటి?" అనేవాడు. చివరికి తిరుగుతున్నాయో లేదో తెలియనంత నిశ్శబ్దంగా ఉన్న రకం పట్టుకుని, అవే పన్నెండు తెప్పించాడు. ఆర్డరు మీద సంతకం నాది, ఎంపిక అతనిది. మెచ్చుకోళ్లు వచ్చినప్పుడు ఈ తేడా నేను ఎవరికీ చెప్పలేదు.

మా వైపు మామిడాకు తోరణం లేకుండా ఏ శుభకార్యమూ జరగదు. ప్రెసిడెంటుగారికి ఆకులు చాలలేదు. లైట్లు వేలాడే పైపుకే తోరణం కట్టి, మధ్య మధ్య చిన్నరసాల గుత్తులు వేలాడదీయమన్నారు. మామిడి రైతుల హాలని తెలియాలట. ఇక్కడే చిక్కు వచ్చింది. మూవింగ్ హెడ్‌కి కరెంటు అందగానే, ఎవరూ చెప్పకుండానే, ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగి తన స్థానం సరిచూసుకుంటుంది. దాన్ని రీసెట్ అంటాం. కన్సోల్ దగ్గర కూర్చున్నవాడు దాన్ని ఆపలేడు.

ప్రభుదాసే దారి చెప్పాడు. పొద్దున్నే సప్లై ఇచ్చి, రీసెట్ అయ్యాక లైట్లను కిందికి చూసేలా నిలిపి, అప్పుడు తోరణం కడితే సరి. సభ ముగిసేదాకా సప్లై తీయకూడదు. ముఖ్య అతిథి నొక్కే ఎర్ర బటన్‌కు వైరు ఉండదు. ఆయన నొక్కగానే, అప్పటిదాకా మూసి ఉంచిన వెలుతురును తను వెనక కన్సోల్ నుంచి తెరుస్తాడు, లైట్లు కదలవు. అంతా అలాగే చేశాం.

సభ పదకొండింటికి. పదింటికి ఎవరో పుణ్యాత్ముడు బటన్ సంగతి ప్రెసిడెంటుగారి చెవిన వేశాడు. ఆయన నన్ను పక్కకు పిలిచారు. "పెద్దాయన చేత ఉత్తుత్తి బటన్ నొక్కిస్తారా? నన్ను నవ్వులపాలు చేద్దామనా అండీ?" అన్నారు. రీసెట్ గురించి చెప్పబోయాను. "ఒకసారి తిరిగితే కొంపలేం మునగవులెండి" అన్నారు. అక్కడ కాదనాల్సింది.

ప్యానెల్ గదిలోకి వెళ్లి లైట్ల సప్లై తీసి, ఎర్ర బటన్ మీదుగా కలిపాను. పది నిమిషాల పని. తర్వాత హాలు దాటి వెనక్కి వెళ్లి ప్రభుదాసుకు చెప్పాలి. సగం దూరం వెళ్లాను కూడా. ఇంతలో అతిథి కారు వచ్చిందన్నారు. స్వాగతం చెప్పే వరసలో నా పేరుంది. వెనక్కి తిరిగాను.

సన్నాయి మేళం మోగుతుండగా అతిథి బటన్ నొక్కారు. పన్నెండు తలలూ ఒక్కసారి తిరిగాయి. తోరణాల తాళ్లు వాటి మెడలకు చుట్టుకున్నాయి. రెండింటిలో మెడ తిప్పే బెల్టులు తెగాయి. కాయల గుత్తులు వేదిక మీదికి టపటపా రాలాయి. ఒకటి అతిథి భుజాన పడింది. దెబ్బ తగల్లేదు కానీ జనం నవ్వారు. ఆయన ప్రసంగం చేయకుండానే వెళ్లిపోయారు.

ప్రభుదాసు వెనక నుంచి పరుగెత్తుకొచ్చాడు. "సప్లై ఎవరు తీశారు సార్?" అని అడిగాడు. తర్వాత మాట్లాడదామన్నాను.

మర్నాడు రిపోర్టు అడిగారు. నేను రాసిన వాక్యం ఇది: "సప్లై అందే సమయానికి లైట్ల కదలికకు అడ్డంకులు లేవని ఆపరేటర్ నిర్ధారించుకోలేదు." అందులో అబద్ధమని వేలు పెట్టి చూపించగల మాట ఒక్కటీ లేదు. ఇన్నేళ్ల సర్వీసులో నాకు బాగా పట్టుబడిన విద్య అదొక్కటే. ప్రభుదాసు దాన్ని నా గదిలో నిలబడే చదివాడు. కేకలు వేయలేదు. "మేళం మోగుతోంది. పైగా ఈ ఫ్యాన్లు వినపడే రకం కాదు, నేనే ఏరి తెచ్చాను. ఆగిపోయాయని నాకెలా తెలుస్తుంది సార్?" అన్నాడు. నేను ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను. అతన్ని ఆ వారమే పంపేశారు. నేను గడువు నిండాక దండ వేయించుకుని రిటైరయ్యాను.

పోయిన వేసవిలో విస్సన్నపేటలో ఒక పెళ్లికి వెళ్లాను. లైట్ల మెయిన్ స్విచ్‌కి ఒక అట్టముక్క వేలాడుతోంది. "తీసే ముందు ప్రభుదాసుకు చెప్పండి" అని రాసుంది. అతను నన్ను చూసి, "బాగున్నారా అండీ" అని మర్యాదగానే పలకరించి, తన పని చూసుకున్నాడు. సార్ అనలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. సప్లై తీసినవాడు తానే నడిచి వెళ్లి ఆపరేటర్‌కు చెప్పాలి. కబురు పంపడం కుదరదు, తర్వాత చెబుదామనుకోవడం అసలే కుదరదు. ఇది ఆ ఉదయం నేను నేర్చుకున్నది కాదు. అంతకు ముందే ఎందరికో నేర్పినది. ఆ రిపోర్టు ట్రస్టు ఫైల్లో ఇప్పటికీ ఉంది, దాన్ని మార్చి రాస్తానని నేను ఈనాటికీ అడగలేదు.