లోపలే ఉన్నవాళ్ళ బిళ్ళలు

ఆ ఫైర్ స్టేషన్లో అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. అందరికీ మేస్త్రి. పైనుంచి కొత్తగా వచ్చే ఆఫీసర్లు మొదట్లో పేరుపెట్టి పిలిచేవారు. ఎవరూ పలక్కపోయేసరికి వాళ్ళూ మేస్త్రీ అనడానికి అలవాటుపడేవారు. యాభై నాలుగేళ్ళు, ఎడమ చెవి వెనక కాలిన మచ్చ, నడకలో కొంచెం కుంటు. ముప్పై ఏళ్ళలో ఎంతమందిని మంటల్లోంచి బయటికి తెచ్చాడో ఎవరైనా అడిగితే తల గోక్కునేవాడు. తను లోపలికి పంపిన తన మనుషుల సంగతి అడిగితే మాత్రం తడుముకోడు. "అందరూ తిరిగొచ్చారు" అనేవాడు.

అతనికి ఆ ధీమా ఇచ్చింది ఒక చెక్క. ఫైరింజను బండి పక్క తలుపుకి బిగించిన నల్లబోర్డు, దానికి ఎనిమిది కొక్కేలు. స్టేషన్లో పొగలోకి వెళ్ళే ప్రతి మనిషికీ నెంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. గాలి సిలిండరు వీపుకి తగిలించుకోగానే ఆ బిళ్ళ మెళ్ళోంచి తీసి మేస్త్రి చేతిలో పెట్టాలి. మేస్త్రి దాన్ని కొక్కేనికి వేసి, పక్కన సుద్దముక్కతో టైము రాస్తాడు. బయటికొచ్చినవాడు మంచినీళ్ళకంటే ముందు తన బిళ్ళ తను తీసుకోవాలి. బోర్డు ఖాళీ అయిందంటే అందరూ బయటపడ్డట్టు. ఒక్క బిళ్ళ మిగిలినా ఎవరో లోపల ఉన్నట్టే, పైకప్పు ఊగుతున్నా సరే మళ్ళీ వెళ్ళి వెతకాల్సిందే.

ఈ పని అతనికి పాత మేస్త్రి నేర్పాడు. "పొగలో కన్ను అబద్ధం చెబుతుందిరా. బిళ్ళ చెప్పదు. దాన్నే నమ్ము" అనేవాడు ఆయన. ఆయన నేర్పిన రెండో విద్య ఇంకోటి ఉంది. అది కాగితం విద్య.

ఆరునెలలకోసారి పైఆఫీసునుంచి ఆరోగ్య పత్రం వస్తుంది. పద్నాలుగు ప్రశ్నలు. రక్తపోటు, కంటిచూపు, మోకాళ్ళు. పదకొండోది ఇలా ఉంటుంది: "విధి నిర్వహణలో చూసిన సంఘటనలు పదే పదే గుర్తొచ్చి ఇబ్బంది పెడుతున్నాయా?" పక్కన రెండు గళ్ళు, అవును, లేదు. ఎప్పుడో ఒకాయన నిజాయితీగా "అవును" దగ్గర టిక్కు పెట్టాడు. వారం తిరక్కముందే ఆయన్ని బండి దింపి, చివరి గదిలో స్టోరు తాళాలు చేతికిచ్చి కూర్చోబెట్టారు. ఆయనతో మాట్లాడటానికి ఒక డాక్టర్ని పంపారా అంటే, లేదు. మాట్లాడే డాక్టరు నాలుగు జిల్లాలకీ కలిపి ఒక్కరే, ఆ ఒక్కరికీ ఎప్పుడూ మీటింగులే. తోటివాళ్ళు ఆయనకి "స్టోరు స్వామి" అని పేరుపెట్టారు. ఆయన ముందే స్వామివారి మహిమలు చెప్పుకుని నవ్వేవారు. ఆయన కూడా నవ్వేవాడట.

అందుకే పాత మేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. కాగితాలు రాగానే ముందు తనది నింపి బల్ల మధ్యలో పెట్టేవాడు. మిగతావాళ్ళు దాన్ని చూసి రాసేవారు. ఆయన తర్వాత మేస్త్రి కూడా అదే చేశాడు. తన మనుషుల్ని బండి మీద నిలబెట్టుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం అతనికి తోచలేదు. అది దయ అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

మేస్త్రి తన చేతుల మీదుగా తయారుచేసినవాళ్ళలో ఈలగాడు ఒకడు. నిచ్చెనెక్కుతూ కూడా ఈల వేసే మనిషి కాబట్టి ఆ పేరు. బరువెత్తడం దగ్గర్నుంచి భయపడ్డవాళ్ళతో మాట్లాడటం దాకా అన్నీ మేస్త్రి దగ్గరే నేర్చుకున్నాడు. నడకలో ఆ కుంటు తప్ప అన్నీ దించేశాడని డ్రైవరు వేళాకోళం చేసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం బట్టల గోదాము అంటుకుంది. పనివాళ్ళు మధ్యలో బయటికి పోకుండా యజమాని వెనక తలుపుకి తాళం వేయించాడు. ఈలగాడు రెండో అంతస్తులో ఇద్దరు ఆడవాళ్ళని పట్టుకున్నాడు. ఒకామెని భుజానేసుకుని కిందికి దించాడు. మళ్ళీ పైకెళ్ళి రెండో ఆమె చెయ్యి పట్టుకుని లాగుతుండగానే మెట్లు కూలాయి. ఆ చెయ్యి జారిపోయింది.

బయటికొచ్చి, తన బిళ్ళ తను తీసుకున్నాడు. నలుగురు వెళ్ళారు, నలుగురు వచ్చారు. మేస్త్రి బోర్డు తుడిచేసి, "సిబ్బంది అందరూ క్షేమం" అని రిపోర్టు రాశాడు.

ఆ మర్నాటినుంచి ఈల వినపడలేదు. మేస్త్రి రెండో రోజే గమనించాడు. అడగలేదు. తనంతట తాను చెప్పనిదే మనిషిని కదపకూడదన్నది కూడా పాత మేస్త్రి చదువే. మూడు నెలలకి కాగితాలు వచ్చాయి. ఈలగాడు పెన్ను పట్టుకుని బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"మేస్త్రీ, ఈ పదకొండుకి ఏం పెట్టమంటారు?"

"అందరూ పెట్టిందే. చూసి రాయి."

"చూస్తూనే ఉన్నా. అయినా అడుగుతున్నా."

"ఏరా, స్టోర్లో కూర్చోవాలనుందా?" అని నవ్వాడు మేస్త్రి.

ఈలగాడూ నవ్వాడు. "లేదు" గడిలో టిక్కు పెట్టాడు. పద్దెనిమిదో రోజు ఉదయం, సెలవు పెట్టి ఇంట్లోంచి వెళ్ళినవాడు ప్రాణం తీసుకున్నాడు. ఎలాగన్నది చెప్పుకోవడం వల్ల ఎవరికీ మేలు లేదు. ఎందుకన్నది మాత్రం పదకొండో ప్రశ్న దగ్గర అతను చెప్పబోయాడు.

దినాలయ్యాక ఈలగాడి భార్య యూనిఫాం, బూట్లు తిరిగివ్వడానికి వచ్చింది. అన్నీ బల్లమీద పెట్టి, చొక్కా జేబులోంచి బిళ్ళ తీసి మేస్త్రి చేతిలో పెట్టింది.

"ఇది కూడా తీసుకోండి అన్నయ్యగారూ. లేకపోతే మీ లెక్క తగ్గుతుందిగా" అంది.

ఆమె ఎత్తిపొడిచిందో, మామూలుగానే అందో అతనికి ఇప్పటికీ తెలియదు. ఆ బిళ్ళని స్టేషన్‌కి జమ చెయ్యలేదు. తన జేబులో వేసుకున్నాడు.

అప్పట్నుంచి మొదలైంది. వాడిన గొట్టాల్ని కడిగి ఆరబెట్టే ఎత్తైన టవరు ఒకటి పెరట్లో ఉంది. గాలి తిరిగినప్పుడు అందులోంచి సన్నగా ఈల వచ్చేది. పట్టపగలు, అందరూ తిరుగుతుండగానే. మేస్త్రి చేస్తున్న పని ఆపి తలెత్తి చూసేవాడు. డ్రైవరు అది కనిపెట్టి, టవరు రేకులో చిల్లులన్నీ మైనం పెట్టి మూసేశాడు. అయినా మేస్త్రి తలెత్తడం మానలేదు. ఇంట్లో బయటికి వెళ్ళేముందు గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మళ్ళీ మొదట్నుంచి.

"ఇంట్లో ఉన్నదే ముగ్గురం. ఎన్నిసార్లు లెక్కపెడితే నాలుగవుతాం చెప్పండి" అంది భార్య ఒకరోజు. నవ్వుతూ మొదలుపెట్టింది కానీ, అతని మొహం చూశాక నవ్వు పూర్తిచెయ్యలేదు.

తర్వాతి కాగితాలు వచ్చినప్పుడు కూడా మేస్త్రి తనది నింపి బల్ల మధ్యలో పెట్టాడు. పదకొండుకి "లేదు". జేబులో ఆ బిళ్ళ ఉండగానే.

ఆ తర్వాత దాదాపు ఆరు నెలలకి జరిగినదాన్ని స్టేషన్లో ఎవరూ పైకి అనరు. ఒక పాత ఇంట్లో గ్యాసు పేలింది. ముగ్గురు లోపలికి వెళ్ళారు. వాళ్ళలో నర్సమ్మ ఉంది. ముప్పై రెండేళ్ళ మనిషి, అంతకుముందు అంబులెన్సులో పనిచేసింది కాబట్టి అందరూ అలా పిలుస్తారు. ముగ్గురూ బయటికొచ్చారు, మూడు బిళ్ళలూ తీసుకున్నారు. బోర్డు ఖాళీ. మేస్త్రి దానివంక చూస్తూ నిలబడిపోయాడు.

"ఇంకొకడు రావాలి" అన్నాడు.

"అందరం వచ్చేశాం మేస్త్రిగారూ."

"ఇంకొకడు లోపలే ఉన్నాడు. వెళ్ళి చూడండి."

ఇన్నేళ్ళలో ఆ గొంతు తప్పు చెప్పింది లేదు. నర్సమ్మ మళ్ళీ బిళ్ళ ఇచ్చి, పొగలోకి వెళ్ళింది. లేని మనిషి కోసం గది గదీ తడిమి వెతికింది. వంటగది నేల ఆమె కాళ్ళకింద విరిగింది. తొడదాకా కూరుకుపోయి, చేతికందిన కిటికీ చువ్వ పట్టుకుని వేలాడుతుంటే మిగతా ఇద్దరూ వెళ్ళి లాక్కొచ్చారు. బయటపడ్డాక ఆమె అడిగిన మొదటి మాట, "వాడు దొరికాడా?"

డ్రైవరు కల్పించుకుని, "పొగలో ఎవరికైనా పొరపాటే. బండెక్కండి, బండెక్కండి" అన్నాడు. రిపోర్టులో ఆ సంగతి లేకుండా చూశారు. మేస్త్రిని కాపాడుకున్నామనుకున్నారు. మేస్త్రి దగ్గర నేర్చుకున్న చదువే అది.

వారం తర్వాత, ఉదయం షిఫ్టు మొదలయ్యేటప్పటికి, కొత్త కాగితాలు వచ్చాయి. మేస్త్రి తనది ముందేసుకుని పది ప్రశ్నలు నింపాడు. చుట్టూ ఆరుగురు టీ గ్లాసులతో ఎదురుచూస్తున్నారు. ఎదురుగా కూర్చున్న నర్సమ్మ కాలికింకా కట్టు ఉంది. వారంరోజులుగా గ్లవ్స్ కడుగుతూనే ఉంది, ఆరేలోపే మళ్ళీ కడుగుతోంది. అతను అదీ గమనించాడు.

"మేస్త్రిగారూ, పదకొండుకి ఏం పెట్టమంటారు?" అంది.

ఆమెకి తెలియదు. ఈలగాడు అదే మాట అడిగినప్పుడు ఆమె ఈ స్టేషన్లోనే లేదు. మేస్త్రి పెన్ను ఆగిపోయింది. ఇప్పుడు "చూసి రాయి" అంటే ఏమవుతుందో అతనికి తెలుసు. అననంటే తన గతేమిటో కూడా తెలుసు. ఇన్నేళ్ళ బండి, బోర్డు, ఆ పేరు, అన్నీ పోతాయి. చివరి గదిలో కుర్చీ మిగులుతుంది.

లేచి బయటికి నడిచాడు. షెడ్డులో బండి దగ్గరికెళ్ళి జేబులో బిళ్ళ తీసి, బోర్డుకి మొదటి కొక్కేనికి తగిలించాడు. తన మెళ్ళోది తీసి రెండో కొక్కేనికి వేశాడు. అందరూ గ్లాసులు పట్టుకునే వెనక వచ్చారు.

"ఇది ఈలగాడిది. గోదాములోంచి వాడు బయటికొచ్చాడని నేను రాశాను. రాలేదు. బిళ్ళ మాత్రం వచ్చింది" అన్నాడు. తన బిళ్ళ మీద వేలు పెట్టి, "రెండోది నాది. నేనూ బయటికి రాలేదు. అందుకే ఆరోజు ఆ అమ్మాయిని వాడికోసం లోపలికి పంపించాను. ఆమె చచ్చిపోయుండేది. ఇవాళ నా కాగితం చూసి ఎవరూ రాయకండి."

డ్రైవరు తన గ్లాసు బండి మెట్టు మీద పెట్టాడు.

"పరీక్ష హాల్లో ఇలా నట్టేట ముంచితే ఎలా మేస్త్రీ? మేమసలు ఏమీ చదవలేదు" అన్నాడు.

ఒకరిద్దరు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూనే. లోపలికెళ్ళి "అవును" గడిలో టిక్కు పెట్టాడు. టిక్కు గడి దాటిపోయింది. నర్సమ్మ బడిపిల్లలా మోచెయ్యి అడ్డంపెట్టుకుని రాసింది. ఏం రాసిందో ఎవరూ చూడలేదు.

నాలుగోరోజున పైఆఫీసరు స్వయంగా వచ్చాడు. సభల్లో వీళ్ళని ఉక్కుమనుషులని పొగిడే ఆయన.

"ఏడు కాగితాల్లో మూడు అవునులా? మీ ఒక్కరిదే అయితే ఎలాగో సర్దేవాణ్ణి. పెద్దమనిషి అయివుండి మిగతా ఇద్దర్నీ చెడగొట్టారే!"

"ఇన్నేళ్ళూ చెడగొట్టానండీ. మీరెవరూ ఒక్క మాట అనలేదు" అన్నాడు మేస్త్రి. "నన్ను స్టోర్లో వెయ్యండి, వెళ్తాను. బోర్డు దగ్గర నేనుండకూడదు. ఆ ఇద్దర్నీ మాత్రం బండి దించకండి. డాక్టర్ని ఇక్కడికి పంపండి. లేదంటే గ్యాసు పేలినరోజు రిపోర్టులో లేని సంగతి నేనే రాసిస్తాను, దానిమీద సంతకం పెట్టిన మీ పేరుతో సహా."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సగం ఒప్పుకున్నాడు. ఆ ఇద్దరూ బండి మీదే ఉన్నారు. డాక్టరు నెలకోసారి వస్తారన్నారు. మొదటి నెల రాలేదు. రెండో నెల వచ్చారు, గంటసేపు ఉన్నారు. మేస్త్రి వంతుకి పదిహేను నిమిషాలు దక్కాయి. వాటిలో పది ఏడవడానికే సరిపోయాయి. మూడో నెలకి మళ్ళీ వస్తారా అని అతను రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాడు.

స్టోరు గది చిన్నది. కిటికీలోంచి టవరు కనిపిస్తుంది. ఈల ఇంకా వినపడుతూనే ఉంది. ఇప్పుడు వినపడినప్పుడు దాచుకోడు. "వినపడిందా?" అని పక్కనున్నవాళ్ళని అడుగుతాడు. లేదంటారు. సరే అంటాడు. బండి తలుపు మీద పాత బోర్డు జోలికి పోకుండా, ఈ గది గోడకి ఇంకో చెక్క కొట్టుకున్నాడు. మొదటి రెండు బిళ్ళలూ దానిమీదికి మారాయి. మూడోది ఒకరోజు నర్సమ్మ తగిలించి, అరగంట కూర్చుని, వెళ్ళేటప్పుడు తీసుకుపోయింది. మళ్ళీ ఎప్పుడో ఇంకొకరిది కనపడింది. ఎవరూ దానిమీద జోకులెయ్యలేదని కాదు. వేశారు. కొత్త స్వామి వెలిశాడన్నారు.

జోకుల్లో ఆరితేరిన డ్రైవరు ఒక ఉదయం గుమ్మంలో నిలబడ్డాడు.

"బోల్టు కావాలి మేస్త్రీ."

"ఏ సైజు?"

డ్రైవరు సైజు చెప్పలేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా మంట దగ్గర పంపు ఆడిస్తూ, బండి వదలకుండా బయటే నిలబడినవాడు. లోపలినుంచి వచ్చిన అరుపులన్నీ విన్నవాడు. ఒక్కసారి కూడా లోపలికి అడుగుపెట్టాల్సిన పని లేనివాడు. ఎదుటి చెక్కవంక చాలాసేపు చూశాడు.

"ఆ గోదాము తలుపు చప్పుడు, మేస్త్రీ" అన్నాడు. "వెనక తలుపుని లోపల్నుంచి బాదారు కదా. నేను పంపు వదిలి పోలేనుగా. ఇంజను మోత పెంచాను, వినపడకుండా ఉంటుందని." నూనె మరకల చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అయినా నాకు బిళ్ళ లేదుగా. మా డ్రైవర్లకి ఇవ్వరు. నేనెక్కడ తగిలించుకోను?"

మేస్త్రి అరలోంచి పాత రేకు డబ్బా ఒకటి కిందికి దించి, రేకు కత్తెర అందుకుని, గుండ్రంగా కత్తిరించడం మొదలుపెట్టాడు.