పైడమ్మ పేరు ముందు మాట

ఇది డైరీలో తప్ప ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. మా తెలుగు సంఘం సంచికలో పైడమ్మ పేరు ముందు పడ్డ మాట అచ్చుతప్పు కాదు. దాన్ని అక్కడ పెట్టింది నేనే. ఈ ఉదయం బుకిట్ పంజాంగ్ నుంచి ఆఫీసుకు వస్తుంటే రైల్లో ఎవరో కణతలకు తలనొప్పి నూనె రాసుకున్నారు. ఆ ఘాటుకు, ఎప్పుడూ అదే నూనె రాసుకునే నరసమ్మ ఆంటీ పక్కన వచ్చి కూర్చున్నట్టయింది. రాఫెల్స్ ప్లేస్‌లో దిగేదాకా తలెత్తలేకపోయాను.

ఆంటీ మా అంతస్తులోనే ఉండేవారు. వాళ్ళ తాత ఉత్తర కోస్తా నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చాడు. ఆమె ఇక్కడే పుట్టి, ఇక్కడే బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నాలుగేళ్ళపాటు నేను ఆమెను చూసి నవ్వడమే తప్ప మాట్లాడింది లేదు. ఒకరోజు లిఫ్టులో నా చేతిలోని లైబ్రరీ పుస్తకం దేని గురించని అడిగారు. స్వేచ్ఛ గురించి గొప్పగా రాసిన ఒక అమెరికా అధ్యక్షుడు, ఆయన ఇంటి బానిస స్త్రీ, ఆమె పిల్లలు ఆయనకు పుట్టినవాళ్ళేనా అని తరతరాలుగా సాగిన తగువు గురించి నసుగుతూ చెప్పాను. అది ప్రేమేనని కొందరు అంటారని కూడా అన్నాను. మా అంతస్తు వచ్చింది. ఆంటీ దిగలేదు, తలుపు మూసుకోకుండా బటన్ నొక్కి పట్టుకున్నారు.

"వద్దు అనడానికి ఆవిడికి వీలుందా?"

లేదన్నాను.

"మరింకేటి ప్రేమ? మకాన్ అయిందా నీకు, అన్నం తిన్నావా? రా, తిందువు గాని. మా ఇంట్లోనూ ఉందో కథ."

చేపల పులుసు వడ్డిస్తూ చెప్పారు. పైడమ్మ అంటే ఆంటీ తాతగారి తల్లి. ఒక సంస్థానం దివాను పెళ్ళిలో, పట్టుచీరలు, వెండి గిన్నెలతో పాటు పెళ్ళికూతురి వెంట అరణంగా పంపిన పిల్ల. అలాంటివాళ్ళను ఆడపాపలు అనేవారు. వాళ్ళకు పెళ్ళి లేదు, జీతం లేదు, ఆ ఇల్లు విడిచి వెళ్ళే దారి లేదు. దివాను సభల్లో ప్రజల హక్కుల గురించి మాట్లాడి పేరు తెచ్చుకున్నాడు. ఊళ్ళో అతనికి విగ్రహం ఉంది. పెద్దయ్యాక పైడమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టారు. వాళ్ళ తండ్రి పేరు ఏ కాగితంలోనూ లేదు. "మా తాత విగ్రహంలాగున్నాడని ఊరోళ్ళు అనీవోరట. కాదు, విగ్రహమే మా తాతలాగుందని మా నాన్న అనీవోడు" అని ఆంటీ పకపకా నవ్వారు.

తర్వాతి ఏడు సంఘం ఇక్కడి పాత కుటుంబాల మీద సంచిక వేసింది. కాదనలేని మనిషిని కనుక టైపు పని నాకు వచ్చింది. ఆంటీ తన పేజీని "దివాను ఇంటి బానిస పైడమ్మ" అని మొదలుపెట్టారు. కార్యదర్శి ప్రసాద్ అంకుల్ దాన్ని "దివానుగారి ప్రేమను పొందిన పైడమ్మ" అని దిద్దారు. ఆయన చెడ్డవారు కాదు. రుజువు లేదని, ఆ వంశంవాళ్ళు నొచ్చుకుంటారని, ప్రేమ అంటే ఆమెకూ గౌరవమేనని మీటింగులో నిదానంగా నచ్చజెప్పారు.

"మా ముసిలిదానికి గౌరవం నువ్వు ఇవ్వక్కర్లేదు బాబూ" అన్నారు ఆంటీ. "జరిగింది జరిగినట్టు రాయి, చాలు."

అందరూ టీ కప్పుల్లోకి చూశారు. నేనూ చూశాను. అంకుల్ దిద్దిన మాటే ఖాయమైంది.

ఆఖరి ఫైలు ప్రెస్సుకు పంపేది నేనే. పంపే ముందు ఆంటీ వాక్యాన్ని ఆమె రాసినట్టే తిరిగి పెట్టాను. సంచిక ఇళ్ళకు చేరాక ప్రసాద్ అంకుల్ నిలదీస్తే మాత్రం, ప్రెస్సువాళ్ళు పాత ఫైలు వేశారేమో అన్నాను. ఆయన నా ముందే ప్రెస్సు మనిషికి ఫోన్ చేసి చీవాట్లు పెట్టారు. నేను వింటూ నిలబడ్డాను.

ఈ ఆదివారం కమిటీ ఆ పేజీకి సవరణ వేయడానికి కూర్చుంటోంది. టైపు నన్నే చేయమన్నారు. చేయను. ఆ మాట ఫోనులో మెసేజీ పెట్టి కాదు, వెళ్ళి అందరి ముందు చెప్తాను.

ఆంటీని చివరిసారి చూసింది ఆసుపత్రిలో. ఆ మర్నాడు ఆమె పోయారు. నేను వెళ్ళిన రోజు పొద్దున్నే ప్రసాద్ అంకుల్ వచ్చి ప్రెస్సువాళ్ళ పొరపాటుకు క్షమాపణ చెప్పి వెళ్ళారట. అది నా పనేనని నేను చెప్పకపోయినా ఆమె కనిపెట్టారని ముఖం చూస్తే తెలిసింది. మెచ్చుకుంటారని మనసులో ఆశపడ్డాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, నవ్వకుండా అన్నారు:

"మన మాటకి ఆ ప్రెస్సోడు తిట్లు తినడమేటి? పొరపాటు కాదు, నేనే పెట్టేనని నీ నోటితో చెప్పు, పిల్లా."