మొగ ఎవరిదో మా సామ్యేలు తేల్చిన రోజు

ఇరవయ్యో శతాబ్దానికి కొన్నేళ్ల ముందు, మద్రాసులో కాలేజీ చదువు ముగించిన నన్ను ఉప్పాడకు దిగువన ఒక పల్లెకారుల ఊళ్లో మిషను బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. నా కింద అసిస్టెంట్లెవరూ లేరు కాబట్టి ఆ హోదా పలకలకూ బల్లలకూ మాత్రమే వర్తించేది. మా అబ్బాయి సామ్యేలు పుట్టి, పాకడం మొదలుపెట్టిన ఏడాది ఈ తగవు వచ్చింది.

ఊళ్లో రెండు పేటలు. ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడ గుంజలు పాతి వల కడితే, నీరెక్కే పోటుకూ, నీరు తీసే పాటుకూ కొట్టుకొచ్చే చేప అందులో పడుతుంది. చోటు ఒక్క వలకే. అందుకని ఏటా మాటలు రాని బిడ్డ ముందు రెండు పేటల గవ్వలూ పెడతారు. బిడ్డ మొదట పట్టుకున్న గవ్వ ఎవరిదో, ఆ ఏడు మొగ వారిది. రెండో పేటకు కూలిపనే గతి. ఆ ఏడు ఊరి పసివాళ్లంతా ఎవరో ఒకరి మనవలేనని గొడవై తెడ్లు లేచాయి. తాసీల్దారు కింద పనిచేసే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, ఎవరికీ చుట్టం కాని బిడ్డ సామ్యేలు ఒక్కడేనని తేల్చారు.

గవ్వ గొంతులో పడితే? వాడి నోటికంటే పెద్దవి పెడితేనే ఒప్పుకుంటానన్నాను. పెద్దపేట కులపెద్ద వీర్రాజు మూరెడు ఎండుచేప పెట్టాడు. కొత్తపేట సత్తియ్య వలను తేల్చే బెండు పెట్టాడు. సామ్యేలు చేప వైపు దూసుకుపోయాడు.

"ఇదేం న్యాయమండి! ఎండుచేప పెడితే మా పిల్లీ అటే పోద్దండి!" అన్నాడు సత్తియ్య.

"నువ్వూ చేపే పెట్టు, నిన్నెవరు వద్దన్నారెహె!" అన్నాడు వీర్రాజు.

చేప రద్దయింది. రెండు బెండ్లకు రెండు రంగుల గుడ్డలు చుట్టారు. ముడులు ఊడవని నేను లాగి చూసుకున్నాక బిడ్డను వదిలాను. వాడు రెండింటినీ దాటిపోయి, ఉక్కపోతకు ఇన్‌స్పెక్టరుగారు తీసి ఒళ్లో పెట్టుకున్న తలపాగా కొస పట్టుకుని నమలసాగాడు.

ఇన్‌స్పెక్టరుగారు మీసం సవరించుకున్నారు. ఆచారం ప్రకారం మొగ సర్కారుదేననీ, వేలం వేయిస్తాననీ సెలవిచ్చారు. తలపాగా రంగు దిగుతుందా అని నేను మూడుసార్లు అడిగినా వినిపించుకోలేదు.



"వేలం ఎందుకండి బాబూ," అన్నాడు వీర్రాజు. "పోటుకి ఆళ్లు వల కట్టుకుంటారు, పాటుకి మేం."

"మొదట్నించీ నేనదే అంటన్నానండి," అన్నాడు సత్తియ్య. అతను అలా అనగా ఎవరూ వినలేదు.

ఆ ఒప్పందం నేను బడి వదిలేదాకా నడిచింది. తగవు తీర్చడానికి ఇద్దరికీ నమ్మకమైన మనిషి కావాలని కాలేజీలో నేర్చుకున్నాను. నిజానికి ఇద్దరూ భయపడే మూడోవాడు ఎదురుగా కూర్చుంటే చాలు. తలపాగా రంగు మాత్రం దిగింది.