వెనక గదిలో రేడాన్

బీరంగూడలో బండ పగలగొట్టి పునాది తీసి కట్టుకున్న ఇల్లు మాది. పాప పుట్టాక నేనూ పాపా వెనక గదిలో, మా అత్తమ్మ పక్కన పడుకునేవాళ్లం. గాలి తిరిగిందంటే దగ్గర్లోని రసాయనాల కంపెనీల ఘాటు వాసన లోపలికి కొట్టేది. అందుకని ఆ గది కిటికీ మూసే ఉంచేవాళ్లం.

ఒకరోజు యూనివర్సిటీలో పరిశోధన చేసే అమ్మాయి వచ్చి, ఫిల్ము ముక్క పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బీని మా మంచం పైన వేలాడదీసింది.

"ఏంది బిడ్డా అది? కెమెరానా?" అంది అత్తమ్మ.

"కాదవ్వా. భూమిల బండలకెల్లి రేడాన్ అని ఒక గ్యాస్ వస్తది, నేల పగుళ్లలకెల్లి ఇంట్లకొస్తది. వాసనుండదు, కండ్లకు కనవడదు. మూసిన గదిల జమైతది. ఏండ్లకేండ్లు పీలిస్తే ఊపిరితిత్తులు ఖరాబైతయ్. ఎంతుందో ఇది కొలుస్తది. మూడు నెలలైనంక తీస్కపోత."

ఆ మూడు నెలలూ పాప దగ్గినప్పుడల్లా లేచి కూర్చునేదాన్ని. కంపెనీ వాసనైతే ముక్కుకు తెలుస్తుంది. దీన్నెలా పసిగట్టాలి? నేల పగుళ్ల మీద వేళ్లు పెట్టి చూసేదాన్ని.

"టెస్టు రాకముందే పరేషాన్ ఎందుకు?" అని మా ఆయన నవ్వాడు. కానీ ఆయనా ఆ గదిలో కూర్చోవడం మానేశాడు.

చివరికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఉండాల్సిన దానికంటె ఎక్కువున్నదక్కా. పగుళ్లు మూయించుర్రి, కిటికీ తెరిచి గాలాడనియ్యుర్రి."

అత్తమ్మ కిటికీ గడియ పట్టుకుని నిలబడిపోయింది. "తెరిస్తే ఆ వాసన, మూస్తే గీ గ్యాసు. పిల్లను ఏడ పండవెట్టాలె?"

ఆ రోజే మంచాలు ముందు గదిలోకి మార్చాం. పగుళ్లు సిమెంటుతో పూడ్పించి, ఫ్యాను బిగించి, ఘాటు లేని వేళల్లో కిటికీ తెరిచాం. మళ్లీ డబ్బీ పెట్టించాం. మూడు నెలలకు ఆ అమ్మాయి ఫోన్ చేసి, ఈసారి బాగా తగ్గిందని చెప్పింది.

"మరి పాప ఇన్ని నెలలు పీల్చింది గదా?" అన్నాను.

"కొన్ని నెలలకే భయపడకుర్రి. ఏండ్ల తరబడి పీలిస్తేనే ముప్పు."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే ఉన్న అత్తమ్మ మెల్లగా అడిగింది: "మరి నేనో బిడ్డా?"

ఇల్లు కట్టిన నాటి నుంచీ ఆ గదిలో పడుకున్నది ఆమే. ఆరు నెలలుగా నేను పాప కోసమే భయపడ్డాను. ఆమె గురించి ఒక్కసారీ అనుకోలేదు. సిగ్గుతో ఆమె వైపు చూడలేకపోయాను.

"ఒకపారి డాక్టరుకు చూపియ్యుర్రక్కా," అంది అమ్మాయి.

మర్నాడు పొద్దున్నే సంగారెడ్డి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. డాక్టరు ఫిల్మును వెలుగుకు పెట్టి చూస్తున్నంతసేపూ ఆమె నా చెయ్యి వదల్లేదు. ఏమీ లేదన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటూ అత్తమ్మ అంది: "ఇప్పటికైతే లేదన్నడు."