సుందర్ రావు చెప్పిన పాత ఓడ

పాత ఓడ గొప్పదా, కొత్త ఓడ గొప్పదా అని మా కొత్తవాడలో ఒకప్పుడు కొట్టుకునేదాకా వచ్చింది. ఆ మాట మీద సొంత బామ్మర్దితో మాటలు మానేసిన వాణ్ణి నేను. నన్నడిగితే పాత ఓడే గొప్పది, అందులో రెండో మాట లేదు. కాకపోతే పాత ఓడ అంటే ఏది అన్నదే చిక్కు. అది తేలాలంటే సుందర్ రావు సంగతి చెప్పాలి.

సుందర్ రావు మా గల్లీ చివర ఉండేవాడు. ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. ఆదివారం మాత్రం చర్చిలో, బయటి దేశాల నుంచి వచ్చిన ప్రసంగీకులకు తెలుగు చెప్పేవాడు. దొర ఒక ముక్క అని ఆగుతాడు, పక్కన నిలబడ్డ సుందర్ రావు దాన్ని తెలుగులో అంటాడు. దొర చెయ్యెత్తితే ఈయనా ఎత్తుతాడు, దొర గొంతు వణికితే ఈయన గొంతూ వణుకుతుంది. చర్చి మైకు మా కిరాణా కొట్టుదాకా వినపడేది కాబట్టి, శెనగపప్పు తూస్తూనే నేను అన్నీ వినేవాణ్ణి. నాకు ఇంగ్లీషు రాదు గానీ, దొర కన్నా ఈయనే బాగా చెబుతున్నాడని మాత్రం తెలిసేది.

అందులోని కిటుకు ఆయనే ఒకసారి చెప్పాడు. దొర ఏ వచనం మీద మాట్లాడేదీ ముందురోజే చెబుతాడట. బైబిలు ఈయనకు నోటికి వచ్చు. దొర ఎన్ని దారులు తిరిగినా చివరికి ఆ వచనం దగ్గరికే రావాలి కదా, అందుకని ఈయన ముందే పోయి అక్కడ కూర్చునేవాడట. అందులో మోసమేమీ లేదు. వినేవాళ్లు కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోయేవారు.

ఆయనకు ప్రాణస్నేహితుడు రామలింగం, జంపఖానాలు నేసేవాడు. ఒకరు చర్చి, ఒకరు మార్కండేయుడి గుడి, కానీ చాయ్ మాత్రం ఒకే చోట. రామలింగానికి పందొమ్మిది వందల డెబ్బైల చివర్లోనే కళ్లకు నీటికాసులు మొదలయ్యాయి. రోజూ సాయంత్రం సుందర్ రావు పోయి కళ్లలో చుక్కలు వేసేవాడు. తగ్గుతది అన్నా, జర ఓపిక పట్టు, అనేవాడు. పోయిన చూపు రాదని డాక్టరు తనతో చెప్పిన సంగతి మాత్రం ఎన్నడూ అనలేదు. చూపు చుట్టూ నుంచి మూసుకుంటూ వచ్చి మధ్యలో చిన్న సందు మాత్రం మిగిలింది. రామలింగం మగ్గం దిగి గోడవారగా కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టడానికి మారాడు.

ఎనభై అయిదులో మా ఇంటికి టీవీ వచ్చింది. నలుపు తెలుపుది, రెండు తలుపులు పక్కకు జరిపే చెక్కపెట్టె. శనివారం సాయంత్రం ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. ఆకాశంలో పోయే ఓడ, అందులో ఒక కెప్టెను, ఇంజను గదిలో ఒక ముసలి మెకానిక్కు. దాని అసలు పేరు మా నోళ్లకు తిరగలేదు, ఓడ అని పిలుచుకున్నాం. మొదటి వారం వచ్చిన జనం అంతా సుందర్ రావు వంక చూశారు. దొరల ఇంగ్లీషు చెప్పేవాడికి ఇదొక లెక్కా అని నేనే స్టూలు వేసి టీవీ పక్కన కూర్చోబెట్టాను.

దొర ఆగుతాడు. టీవీలో మనిషి ఆగడు కదా. కెప్టెను గడగడ ఏదో అన్నాడు, సుందర్ రావు నోరు తెరిచేలోపు ఇంకొకడు ఇంకేదో అన్నాడు. ముందురోజు వచనం చెప్పినవాళ్లూ లేరు. పాపం చెమటలు పట్టాయి. అప్పుడు తెర మీద ఇంజను గది చీకటిగా కనబడి, అందులో ఒక లైటు మెరిసి ఆరుతూ, మెరిసి ఆరుతూ ఉంది. ముందు కూర్చున్న రామలింగం మెడ చాచి అడిగాడు.

"గా మెరిసేది ఏంది తమ్మీ? నాకు గదొక్కటే కనబడుతాంది."

సుందర్ రావు ఆ లైటు వైపు ఒకసారి, స్నేహితుడి వైపు ఒకసారి చూశాడు.

"గది ఇంటి దీపం అన్నా. ఇంటికాడ ముట్టిచ్చి పెట్టిండ్రు. దాన్ని చూసుకుంట ఇంటికి పోతాండ్రు."

అంతే, కథకు వచనం దొరికింది. ఇక ఆ ఓడ ఏ గ్రహం మీద దిగినా, ఏ రాక్షసుడు అడ్డం వచ్చినా, సుందర్ రావు ముందే పోయి ఆ దీపం దగ్గర కూర్చునేవాడు. కెప్టెను చేత సహోదరులారా భయపడకుడి అనిపించాడు. ముసలి మెకానిక్కుకు మిషన్ తాత అని పేరు పెట్టి, ఇంటి దగ్గర భార్యను పెట్టి, ఆవిడ చేతే దీపం ముట్టింపజేశాడు. తెర మీద అట్ట గోడలు ఊగుతుంటే ఆకాశంలో గాలి వాన అన్నాడు. గల్లీ గల్లీ నోరు తెరుచుకుని విన్నది. మేము చూసింది ఆ టీవీనా, ఆయన నోటినా అంటే ఇప్పటికీ చెప్పలేను.

రామలింగం శనివారం కోసమే బతికేవాడు. మిగతా చూపు కూడా సన్నగిల్లింది. ఆ చీకటి గదిలో మెరిసే లైటు తప్ప తెర మీద ఇంకేదీ ఆయనకు ఆనేది కాదు. టీవీ చూసేటప్పుడు మేం ట్యూబులైటు ఆర్పేవాళ్లం, అది కూడా ఆయన కోసమే. ఇయ్యాల దీపం జర పెద్దగైంది తమ్మీ, అనేవాడు. అవునన్నా, ఇల్లు దగ్గరపడుతాంది, అనేవాడు సుందర్ రావు.

ఇంకొన్ని వారాల్లో ఇల్లు చేరతారు అనగా సీరియల్ ఆగిపోయింది. ఎందుకాగిందో చెప్పే దిక్కు లేదు, ఆ టైముకు వేరేదేదో వేశారు. రామలింగం చాలా శనివారాలు ఊరికే వచ్చి కూర్చుని పోయాడు.

రెండేళ్లకు కొత్త ఓడ వచ్చింది. అదే పేరు, అదే ఆకాశం, కెప్టెను వేరు. ఈసారి హిందీలో మాట్లాడారు. కొత్తవాడలో ఉర్దూ తెలియనిదెవరికి, అందరికీ అర్థమైంది, సుందర్ రావు స్టూలు దిగి అందరిలో కూర్చున్నాడు. అప్పుడే మా బామ్మర్ది భాస్కర్ కరీంనగర్ నుంచి ఇంజనీరింగు చదువుకు వచ్చి మా ఇంట్లో దిగాడు. కొత్త ఓడకు వాడే వకీలు. పాత ఓడలో చుక్కలంటే దారానికి కట్టిన బల్బులట, ప్రతి గ్రహం మీదా అదే బండరాయట, తన ఫ్రెండ్సు చెప్పారట. కొత్తదాంట్లో లెక్కలన్నీ సైన్సు ప్రకారం ఉంటాయట. నాకు మండింది. మీ కొత్త కెప్టెను ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీలో కూర్చుని, శత్రువు మీదికొస్తుంటే మునిసిపాలిటీ మీటింగు పెడతాడేందిరా అన్నాను. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా అన్నాను. గల్లీ రెండుగా చీలింది. మా పార్టీకి పెద్ద రామలింగమే. కొత్త ఓడల ఇంటికి పోయే ముచ్చటే లేదు, ఊకె తిరుగుడే, అని ఆయన ఒక్క మాటతో తేల్చేసేవాడు. సుందర్ రావు ఏ పార్టీలోనూ నోరు విప్పేవాడు కాదు. పాత ఓడ కథ నువ్వన్నా చెప్పవయ్యా, ఈ పోరగానికి తెలుస్తుంది అంటే, దగ్గొచ్చినట్టు లేచి పోయేవాడు.

ఒక శనివారం టీవీలో చెప్పారు. కొత్త ఓడ అయిపోయింది, వచ్చే వారం నుంచి పాత ఓడ మొదటి నుంచి చివరిదాకా, హిందీలో. మా పార్టీ వాళ్లం గెలిచినంత సంబరపడ్డాం. రామలింగం చేతులు జోడించి, తల్లీ, ఇల్లు చేరుడు చూస్త అన్నాడు. సుందర్ రావు ముఖం మాత్రం పాలిపోయింది. టీవీ వెలుగులో నేనొక్కణ్ణే చూశాను గానీ ఒంట్లో బాగాలేదనుకున్నాను.

ఆ వారంలోనే ఆయన రామలింగం దగ్గరికి సంగతి చెప్పేద్దామని పోయాడు. చుక్కలు వేశాడు, చాయ్ తాగాడు. రామలింగం కండె చుట్టుకుంటూ, మిషన్ తాత భార్య పేరేదో చెప్పినవు తమ్మీ, యాదికొస్తలేదు, అన్నాడు. సుందర్ రావు ఆ పేరు చెప్పి లేచి వచ్చాడు. ఇదంతా నాకు తర్వాత ఆయనే చెప్పుకుని ఏడ్చాడు.

హిందీలో మొదటి వారమే తెలిసిపోయింది. ఆ ఓడ ఇంటికి పోయే ఓడ కాదు. తిరిగి రానవసరం లేదని చెప్పి పంపిన ఓడ. మిషన్ తాతకు భార్యా లేదు, ఇల్లూ లేదు. ఇంజను గదిలో మెరిసే లైటు, లోపలి శక్తి తరిగిపోతోందని చెప్పే లైటు. అది ఆరిపోతే ఓడ పని అయిపోయినట్టే. మా వాళ్లు మొదట ఒప్పుకోలేదు. హిందీ వాళ్లు కథ చెడగొట్టారని ఒకడు, ఇది అసలు పాత ఓడే కాదని ఇంకొకడు. భాస్కర్ నవ్వబోయి, రామలింగం ముఖం చూసి ఊరుకున్నాడు. వాడి మీద నాకు మొదటిసారి కోపం రాలేదు.

మరుసటి రోజు చర్చి కాగానే సుందర్ రావు నన్ను కూడా వెంటబెట్టుకుని రామలింగం ఇంటికి పోయాడు. ఒక్కడే పోవడానికి ధైర్యం చాలలేదు. గడపలోనే నిలబడి, అన్నా, నాకు గా ఇంగ్లీషు అందలే, నోటికొచ్చింది చెప్పిన, అన్నాడు. రామలింగం రాట్నం ఆపలేదు.

"నాకు ఎప్పుడో అనుమానమొచ్చింది తమ్మీ. నువ్వు చుక్కలు ఏసేటప్పుడు సుత గట్లనే చెప్తవు గదా." కాసేపు తిప్పి మళ్లీ అన్నాడు. "గది యే దీపమన్న గానీ. ఆఖరికి ఆర్తదా, ఆరదా?"

సుందర్ రావుకు నిజంగానే తెలియదు. ఎవరికీ తెలియదు, చివరి భాగం ఎవరం చూశాం? తెల్వదన్నా అన్నాడు. ఆరకుంటే మంచిగుండు, అన్నాడు రామలింగం. ఇన్నాళ్లూ ఆయనకు ఇల్లు చేరడం కావాలనుకున్నాం. ఇప్పుడు ఆయన అడుగుతున్నది అంతకన్నా చిన్న కోరిక. దాన్ని తీర్చే శక్తి కూడా మాలో ఎవరికీ లేదు. ఎక్కడో సముద్రాల అవతల, ఎన్నో ఏళ్ల కింద ఎవరో తీసిపెట్టిన బొమ్మ. మనం అరిచి గీపెట్టినా అది మారుతుందా?

అయినా రామలింగం ఒక్క శనివారం తప్పలేదు. మాటలు వింటున్నాడో లేదో తెలియదు, ముఖం మాత్రం ఆ లైటు వైపే ఉండేది. సుందర్ రావు వచ్చి పక్కనే కూర్చునేవాడు. వారం వారం ఆ మెరుపు నెమ్మదించింది. ఆరిన తర్వాత మళ్లీ మెరిసేదాకా గది అంతా ఊపిరి బిగబట్టేది. పార్టీలు ఏమయ్యాయో ఎవరికీ గుర్తు లేదు. ఆరొద్దని కొత్త ఓడ వాళ్లు కూడా కోరుకున్నారు.

చివరి వారం జనం గుమ్మం బయటదాకా ఉన్నారు. ఓడలో ఒక్కొక్కరూ వెళ్లిపోయి మిషన్ తాత ఒక్కడే మిగిలాడు. లైటు పక్కన కూర్చున్నాడు. మాటలు లేవు. లైటు మెరిసింది, ఆరింది. చాలాసేపటికి ఇంకోసారి మెరిసింది. ఆరింది. మళ్లీ మెరవలేదు. తెర మొత్తం నల్లబడింది.

"కరెంటు పోయిందా సేటూ?" అని రామలింగం నన్నడిగాడు.

ఇంకో క్షణమైతే పాట మొదలై పేర్లు పడేవి. భాస్కర్ ఒక్క దూకుతో పోయి టీవీ కట్టేశాడు. అందరూ సుందర్ రావు వంక చూశారు, మొదటి వారం చూసినట్టే.

"పోయిందన్నా," అన్నాడు.

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. దాని గాలికి రామలింగం భుజం మీది తువ్వాల కొస ఎగురుతోంది. ఆయన చెయ్యి పెట్టి ఆ కొసను అదిమి పట్టుకున్నాడు.

"సరే తియ్యి," అన్నాడు. "వచ్చేదాంక కూసుందాం."

ఎవరూ లేచి ట్యూబులైటు వెయ్యలేదు. అందరం అట్లాగే కూర్చున్నాం.